జవాను ఇంటికి మనం ఏం చేయగలం? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఏటా డిసెంబరు 7న జరిగే సాయుధ దళాల పతాక దినోత్సవం గురించి గత సంచికలో ఒక చిన్న వ్యాసం వేశాం. ఆ తరువాత, సైనికుల కోసం, వారి ఇళ్ళ కోసం తమబోటివారు ఏం చేయవచ్చునని అడుగుతూ చాలా ఉత్తరాలు వచ్చాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాం. కొన్ని ఉత్తరాలలో ఇంటి విషయాలు ఉన్నందువల్ల రాసినవారి పేర్లు తీసేసి, ఊరు మాత్రమే ఉంచాం.

ప్రశ్న: రోజుకు ఒక రూపాయి చొప్పున సైన్యం ఖాతాలో వేయమని, ఆ డబ్బుతో ఆయుధాలు కొంటారని మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం తిరుగుతోంది. అది నిజమేనా? అసలు ఏ నిధికి పంపితే మన డబ్బు సరైన చోటికి చేరుతుంది? పన్ను మినహాయింపు కూడా వస్తుందా? (కరీంనగర్)

జవాబు: ఆ సందేశంలో నిజం పాలు కొంత, కల్పన పాలు ఎక్కువ. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తరువాత అది దేశమంతా తిరిగినప్పుడు, ప్రజలను తప్పుదారి పట్టించేదిగా ఉందని ప్రభుత్వమే ప్రకటించింది. ఆయుధాల కొనుగోలుకు పార్లమెంటు ఆమోదించిన బడ్జెట్ ఉంటుంది. దానికోసం ఇంటింటి చందాలు వసూలు చేయరు. నిజమేమిటంటే, యుద్ధంలో ప్రాణాలు కోల్పోయిన లేక తీవ్రంగా గాయపడిన సైనికుల కుటుంబాలకు తక్షణ సాయం అందించడానికి 'ఆర్మ్‌డ్ ఫోర్సెస్ బ్యాటిల్ క్యాజువాల్టీస్ వెల్ఫేర్ ఫండ్' అనే నిధి ఉంది. దానికి విరాళాలు పంపడానికి 2022 అక్టోబరులో రక్షణ శాఖ 'మా భారతీ కే సపూత్' అనే వెబ్‌సైటును ప్రారంభించింది. ఫార్వర్డ్ సందేశంలోని ఖాతా నంబరును నమ్మకుండా, ఆ వెబ్‌సైటులోకి మీరే వెళ్ళి చెల్లించండి.

ఇక తక్కిన నిధుల సంగతి. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు ఏర్పడిన జాతీయ రక్షణ నిధికి ప్రధానమంత్రి అధ్యక్షులు. మాజీ సైనికుల, అమరుల పిల్లలకు, వితంతువులకు ప్రధానమంత్రి పేరిట ఇచ్చే ఉపకార వేతనాలు అందులోనివే. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ వంటి కేంద్ర బలగాల వారు హోం శాఖ కిందికి వస్తారు కనుక, వారికోసం 2017 ఏప్రిల్‌లో 'భారత్ కే వీర్' వచ్చింది. అక్కడ అమరుడైన జవాను పేరును ఎంచుకుని నేరుగా ఆయన కుటుంబం ఖాతాకే పంపవచ్చు. ఒక్కో కుటుంబానికి 15 లక్షల రూపాయల పరిమితి ఉంది, అది దాటినవి ఉమ్మడి నిధికి మళ్ళుతాయి. 2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో 40 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు మరణించినప్పుడు విరాళాలు వెల్లువెత్తింది ఈ ఏర్పాటుకే.

నన్ను ఒకటే చెప్పమంటే పతాక దినోత్సవ నిధిని చెబుతాను. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగుల చిన్న కాగితపు జెండాను చొక్కాకు గుచ్చి డబ్బాలో చిల్లర వేయించుకునే ఆనవాయితీ 1949 నుంచి ఉన్నదే. ఆ డబ్బు కేంద్రీయ సైనిక బోర్డు ద్వారా పత్రికల్లో పేర్లు రానివారికి చేరుతుంది: పింఛను రాకుండానే సైన్యం విడిచి వచ్చి వృద్ధాప్యంలో పడినవారికి, చిన్న ర్యాంకుల మాజీ సైనికుల కూతుళ్ళ పెళ్ళిళ్ళకు, పిల్లల చదువులకు. 2025 నవంబరు 1 నుంచి ఈ సాయం మొత్తాలను రెట్టింపు చేశారు. 65 ఏళ్ళు దాటి, పింఛను లేని మాజీ సైనికులకు, వితంతువులకు నెలకు 8,000 రూపాయలు, కూతురి పెళ్ళికి లక్ష రూపాయలు ఇస్తున్నారు. మీ ఊళ్ళో అటువంటి పెద్దాయన ఉండి, ఈ సంగతి ఆయనకు తెలియకపోతే, మీరు పంపే వెయ్యి రూపాయలకంటే ఆయనను జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి తీసుకువెళ్ళి దరఖాస్తు పెట్టించడం ఎక్కువ ఉపకారం. పన్ను మినహాయింపు గురించి కూడా మీరు అడిగారు. విరాళాలకు ఆదాయ పన్ను చట్టం ఇచ్చే 80జి మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవారికే వర్తిస్తుంది, కొత్త విధానం ఎంచుకున్నవారికి వర్తించదు.

ప్రశ్న: నేను ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. మా పిల్లలు సరిహద్దులోని జవాన్లకు ఉత్తరాలు రాసి, రాఖీలు పంపుతామని ఉత్సాహపడుతున్నారు. 'సియాచిన్ జవాన్లకు' అని రాసి పోస్టులో వేస్తే చేరుతుందా? (కాకినాడ)

జవాబు: చేరదనే అనుకోండి. సైనికుల తపాలాకు వేరే ఏర్పాటు ఉంది. సైనికుడి నంబరు, హోదా, పేరు, యూనిట్ పేరు రాసి, కింద '56 ఏపీఓ' అనో '99 ఏపీఓ' అనో (ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు) రాస్తారు. ఊరి పేరు ఉండదు, ఉండకూడదు కూడా. ఆ యూనిట్ ఎక్కడ ఉందో సైనిక తపాలా విభాగానికి తెలుస్తుంది, కవరు చూసినవారికి తెలియదు. పేరు లేని ఉత్తరాల కట్ట పంపదలిస్తే ముందుగా జిల్లా సైనిక సంక్షేమ అధికారిని కలిసి, ఏ యూనిట్‌కు పంపవచ్చో కనుక్కుని, వారి ద్వారానే పంపండి. తినుబండారాలు పెట్టవద్దు.

అంతకంటే మంచి పద్ధతి ఒకటి సూచిస్తాను. మీ బడిలో చదువుకుని సైన్యంలో చేరినవారు తప్పకుండా ఉంటారు. పాత రిజిస్టర్లు తిరగేసి, ఇళ్ళవాళ్ళను అడిగి, చిరునామాలు సేకరించి, ఒక్కొక్కరికి ఇద్దరు ముగ్గురు పిల్లల చేత తెలుగులో రాయించండి. 'మీరు దేశానికి గర్వకారణం' అన్న వాక్యం నల్లబల్ల మీద రాసి అందరి చేతా ఎక్కించకండి. అటువంటివి ఇరవై చదివిన జవాను ఇరవై ఒకటోది విప్పడు. ఊరి చెరువు ఈ ఏడు నిండిందా, తీర్థం ఎలా జరిగింది, ఆయన కూర్చున్న తరగతి గదికి కొత్త కప్పు వేశారా, లెక్కల మాస్టారు ఇంకా అలాగే కోప్పడతారా అన్నవి రాయమనండి. జవాబు వచ్చిందంటే రెండో ఉత్తరం కూడా రాయాలని పిల్లలకు ముందే చెప్పి ఉంచండి. వచ్చిన జవాబులను, ముఖ్యంగా కవరు మీది యూనిట్ వివరాలను, ఫొటో తీసి బయట పెట్టకుండా చూడటం మీ బాధ్యత.

ప్రశ్న: మా వీధిలో ఒక మాజీ సైనికుడు ఉన్నారు. మిలటరీ క్యాంటీన్ నుంచి సరుకులు, అప్పుడప్పుడు ఒక సీసా తెప్పించుకుంటే ఆయనకూ నాలుగు రూపాయలు మిగులుతాయి కదా, అది సాయం కిందికి రాదా? (గుంటూరు)

జవాబు: రాదు. క్యాంటీన్ సరుకులు సైనికులు, మాజీ సైనికులు, వారి కుటుంబాల వాడకానికే. బయటివారికి అమ్మితే కార్డు రద్దయ్యే ప్రమాదం ఆయనకు, చౌక సీసా మీకు. ఇరుగుపొరుగు మొహమాటానికి కాదనలేక ఇబ్బంది పడే మాజీ సైనికులు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. అడగకపోవడమే మీరు ఆయనకు చేయగల సాయం.

ప్రశ్న: మా వారు సైన్యంలో హవల్దారు. నేను పిల్లలతో, అత్తగారితో ఊళ్ళో ఉంటున్నాను. మాకున్న ఎకరంన్నర భూమిలో పక్క రైతు గట్టు జరుపుతూ వస్తున్నాడు. అడిగితే 'మీ ఆయన వచ్చాక మాట్లాడదాం' అంటాడు. ఆయన వచ్చేసరికి సెలవు చాలదు. ఊరివాళ్ళందరూ ఆగస్టు 15న ఆయనకు దండ వేస్తారు గానీ ఈ విషయంలో ఎవరూ నోరు విప్పరు. ఏం చేయాలి? (శ్రీకాకుళం జిల్లా)

జవాబు: అమ్మా, మీ ఉత్తరాన్ని ఈ శీర్షికలోని అన్నింటికంటే ముఖ్యమైనదిగా భావిస్తున్నాను. జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు ఉన్నా, అవి ఒకేసారి కలిపి దొరకవు. ప్రయాణాలకు కొంత, శుభకార్యాలకు కొంత పోగా కోర్టు వాయిదాలకు మిగిలేది ఏమీ ఉండదు. ఆక్రమించే వారికి ఈ లెక్క బాగా తెలుసు.

ముందు కాగితాలు సిద్ధం చేసుకోండి. పట్టాదారు పాసు పుస్తకం, 'మీభూమి'లో దొరికే అడంగల్, 1బి నకళ్ళు, రిజిస్ట్రేషన్ కార్యాలయం నుంచి ఈసీ (ఆ భూమి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) తీసి ఒక ఫైలులో పెట్టుకుని, హద్దులు కొలిపించమని మండల సర్వేయరుకు దరఖాస్తు చేయండి. అదే సమయంలో మీ వారు తన యూనిట్‌లో విషయం చెప్పాలి. కమాండింగ్ అధికారి జిల్లా కలెక్టరుకు, అవసరమైతే ఎస్పీకి లేఖ రాయడం సైన్యంలో మామూలుగా జరిగేదే. అందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు. ఆ లేఖ నకలును జిల్లా సైనిక సంక్షేమ అధికారికి ఇస్తే, ఆయన కలెక్టరు కార్యాలయంలో దాని వెంట పడతారు.

విషయం కోర్టుకు వెళితే కూడా మీ వారు ప్రతి వాయిదాకు రావలసిన పని లేదు. సెలవు దొరకని సైనికుడు తన తరఫున దావా వేయడానికి, వాదించడానికి వేరొకరికి రాతపూర్వకంగా అధికారం ఇవ్వవచ్చునని సివిల్ ప్రొసీజర్ కోడ్ చెబుతోంది. ఆ పత్రం మీద సంతకం కమాండింగ్ అధికారి సమక్షంలో జరగాలి. ఎదుటి పక్షమే కేసు వేసిన పక్షంలో, మీ వారు యుద్ధ విధులలోనో ప్రత్యేక పరిస్థితులలోనో ఉన్నారని అధికారులు ధ్రువపత్రం ఇస్తే, విచారణ నిలిపివేయించుకునే వీలు 1925 నాటి ఇండియన్ సోల్జర్స్ లిటిగేషన్ చట్టంలో ఉంది. ఆయన అటువంటి విధులలో గడిపిన కాలాన్ని దావా గడువు లెక్కలోంచి మినహాయిస్తారు కూడా. న్యాయవాది ఖర్చు గురించి భయపడకండి. జాతీయ న్యాయ సేవల సంస్థ 2025 జూలై 26న ప్రారంభించిన 'వీర్ పరివార్ సహాయతా యోజన' కింద సైనిక సంక్షేమ కార్యాలయాలలో ఉచిత న్యాయ సహాయ కేంద్రాలు ఏర్పాటు చేస్తున్నారు. మీ జిల్లాలో ఆ కేంద్రం గురించి అక్కడే విచారించండి.

ఇక దండ వేసే ఊరివారికి ఒక మాట. సర్వేయరు వచ్చిన రోజున ఈ ఇల్లాలి పక్కన నలుగురు పెద్దమనుషులు నిలబడి, పాత హద్దు ఎక్కడుండేదో తెలిసినవారు తెలిసింది చెప్పి, పంచనామా మీద సాక్షి సంతకం పెడితే సగం తగాదా అక్కడికక్కడే తేలిపోతుంది. పక్క రైతుతో రేపు నీటి వంతుకూ ఎడ్ల సాయానికీ పని పడుతుందని వెనక్కి తగ్గేవారు, ఆ జవాను ఇంటికి తాము ఇచ్చే గౌరవం ఖరీదు ఎంతో తామే లెక్క వేసుకోవచ్చు.

ప్రశ్న: 1965 యుద్ధ సమయంలో ఏడవ నిజాం 5,000 కిలోల బంగారాన్ని దేశ రక్షణకు విరాళంగా ఇచ్చారని చిన్నప్పటి నుంచి వింటున్నాను. నిజమేనా? (హైదరాబాద్)

జవాబు: కథలో బంగారం ఉన్న మాట నిజం, బరువూ విరాళమూ నిజం కావు. సమాచార హక్కు చట్టం కింద వెలుగులోకి వచ్చిన వివరాల ప్రకారం, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1965 అక్టోబరులో కేంద్రం ప్రకటించిన జాతీయ రక్షణ బంగారు పథకంలో 425 కిలోల బంగారాన్ని ఆరున్నర శాతం వడ్డీకి పెట్టారు. విరాళం కాకపోయినా, విదేశీ మారకానికి కటకటలాడుతున్న రోజుల్లో అంత బంగారాన్ని బాండ్లలో పెట్టడం చిన్న విషయమేమీ కాదు. అయితే ఆ రోజుల్లో మామూలు జనం చేసింది నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగిస్తుంది. 1962లో ఆడవాళ్ళు ఒంటి మీది గాజులు, ఉంగరాలు తీసి రక్షణ నిధికి ఇచ్చారు. వాటికి వడ్డీ లేదు. 1965లో లాల్ బహదూర్ శాస్త్రి వారానికి ఒక పూట భోజనం మానమని అడిగితే, సోమవారం రాత్రి పొయ్యి వెలిగించని ఇళ్ళు దేశంలో ఎన్నో ఉండేవి.

ప్రశ్న: మా కాలనీకి చెందిన ఒక యువ జవాను విధి నిర్వహణలో మరణించాడు. పెళ్ళయి రెండేళ్ళు కూడా కాలేదు, భార్యకు ఇరవై మూడేళ్ళు. కాలనీ సంఘం తరఫున చందాలు వసూలు చేసి విగ్రహం పెట్టాలని కొందరు, ఆ డబ్బు కుటుంబానికి ఇవ్వాలని కొందరు అంటున్నారు. మీరేమంటారు? (విశాఖపట్నం)

జవాబు: విగ్రహం వద్దని అనను. 2020 జూన్ 15న గల్వాన్‌లో అమరుడైన కర్నల్ సంతోష్‌బాబు విగ్రహం ఆయన సొంత ఊరు సూర్యాపేటలో ఉంది. దారిన పోయే పిల్లలకు అది ఎవరిదో చెప్పేవారు ఉన్నంతకాలం దానికి విలువ ఉంటుంది. రెండు ప్రపంచ యుద్ధాల నాటి నుంచీ ఇంటికొకరిని సైన్యానికి పంపిన పేరున్న, తాడేపల్లిగూడెం దగ్గరి 'మిలటరీ మాధవరం' వంటి ఊరికి స్మారకం ఊరి చరిత్రలో భాగం. కానీ విగ్రహానికి తొందర లేదు. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, ఆ ఇంట్లో ఇప్పుడు తొందరగా జరగవలసినవి వేరే ఉన్నాయి.

సంతోష్‌బాబు కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం 5 కోట్ల రూపాయలు, ఇంటి స్థలం, భార్యకు గ్రూప్-1 స్థాయి ఉద్యోగం ఇచ్చింది. దేశమంతా చూస్తున్న సంఘటన అది. ప్రతి జవాను మరణానికీ అంత దృష్టి పడదు. వచ్చే మొత్తం మరణం ఏ పరిస్థితిలో సంభవించింది, రాష్ట్రం ఏది అన్నవాటిని బట్టి మారుతుంది. అందువల్ల సంతాప సభలో వేదిక ఎక్కినవారు నోటికి వచ్చిన అంకెలు ప్రకటించకుండా చూడండి. ప్రకటించి ఇవ్వని డబ్బు ఆ ఇంట్లో అనుమానాలకూ తగాదాలకూ దారి తీస్తుంది.

ఆ అమ్మాయికి తోడుగా, కాగితాలు చదవగల ఒక స్త్రీని, ఒక మాజీ సైనికుడిని కాలనీ తరఫున నియమించండి. కుటుంబ పింఛను ఇప్పుడు 'స్పర్శ్' అనే ఆన్‌లైన్ విధానంలో నడుస్తోంది. ఆధార్‌లో, బ్యాంకులో, సైనిక రికార్డులలో పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. పెళ్ళయ్యాక ఇంటి పేరు మారిన మన ఆడపిల్లలకు చిక్కు వచ్చేది సరిగ్గా ఇక్కడే. పెళ్ళి వివరాలు యూనిట్ రికార్డులలో నమోదయ్యాయో లేదో మొదటి వారంలోనే కనుక్కోవాలి. తరువాత ప్రతి ఏటా బతికి ఉన్నట్టు ధ్రువపత్రం ఇవ్వాలి. మాజీ సైనికుల ఆరోగ్య పథకమైన ఈసీహెచ్‌ఎస్ కింద వైద్య సదుపాయం కోసం కార్డు చేయించుకోవాలి. ఈ పనులన్నీ దుఃఖంలో ఉన్న ఇరవై మూడేళ్ళ పిల్ల ఒక్కతే తిరిగి చేసుకోగలిగినవి కావు.

సున్నితమైన విషయం ఇంకొకటి ఉంది. వచ్చే డబ్బులో భార్యకు ఎంత, తల్లిదండ్రులకు ఎంత అన్నది చాలా ఇళ్ళలో తగవుగా మారుతుంది. కాలనీవారు ఒక పక్షం చేరితే రెండో పక్షం ఒంటరిదైపోతుంది. నిబంధన ఏమిటో సైనిక సంక్షేమ అధికారి చేత ఇద్దరికీ ఒకేసారి చెప్పించి ఊరుకోండి. ఆ అమ్మాయి చదువుకుంటుందా, ఉద్యోగం చేస్తుందా, మళ్ళీ పెళ్ళి చేసుకుంటుందా అన్నది ఆమె నిర్ణయం. 'వీరనారి' అని బిరుదు ఇచ్చి ఆమెను ఒక చట్రంలో బిగించే హక్కు మనకు లేదు. 1971 యుద్ధం తరువాత, మన వి.వి. గిరి గారి కోడలు మోహినీ గిరి 1972లో యుద్ధ వితంతువుల సంఘాన్ని స్థాపించింది, సైనికుల భార్యలు కరుణ మీద కాక సొంత కాళ్ళ మీద బతకాలన్న ఉద్దేశంతోనే. ఏడుస్తున్నప్పుడు సెల్‌ఫోన్లతో తీసిన వీడియోలు ఎవరి దగ్గరైనా ఉంటే తీసేయించండి. చందా డబ్బును ఆమె పేరిట, పిల్లలు ఉంటే వారి పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా వేస్తే మంచిది. మీ సంఘం ఏడాది తరువాత మళ్ళీ కూర్చుని, తోడుగా పెట్టిన ఇద్దరూ ఏం చేశారో అడిగి, ఆ పైన విగ్రహం సంగతి ఆమెతోనే మాట్లాడవచ్చు.

ప్రశ్న: అమెరికాలో ఉంటున్న మేము కొందరం, మా సొంత జిల్లాలోని సైనికుల పిల్లలకు ఉపకార వేతనాలు ఇవ్వాలనుకుంటున్నాం. ఊళ్ళోని ఒక సేవా సంస్థకు పంపవచ్చా? (డాలస్)

జవాబు: మీలో ఎవరి పాస్‌పోర్టు ఏ దేశానిదో ముందు చూసుకోండి. భారత పౌరసత్వం ఉన్నవారు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు పంపితే మాత్రం, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే అవుతుంది. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు లేని సంస్థ దాన్ని తీసుకుంటే చిక్కుల్లో పడుతుంది. ఆ నమోదు పత్రం చూడనిదే డబ్బు కదిలించకండి.

ప్రశ్న: నాకు చిన్న పరిశ్రమ ఉంది. సైన్యం నుంచి వచ్చినవారికి ఉద్యోగాలు ఇవ్వాలని ఉంది. గేటు దగ్గర కాపలాకు తప్ప వేరే పనులకు వారు పనికివస్తారా? (అనంతపురం)

జవాబు: ఈ ప్రశ్న అడగడమే మంచి పని, అందులోని అనుమానం మాత్రం వదిలేయవలసినది. సిపాయిలుగా చేరినవారిలో చాలామంది నలభై ఏళ్ళకు అటూ ఇటూ వయసులోనే ఇంటికి వచ్చేస్తారు. అప్పటికి పిల్లలు బడిలోనే ఉంటారు. వచ్చినవారిలో భారీ వాహనాలు నడిపినవారు, ఇంజిన్లు విప్పి బిగించినవారు, రేడియో పరికరాలు, స్టోర్లు, వంటశాల, ఆసుపత్రి వార్డు నడిపినవారు ఉంటారు. సికింద్రాబాద్‌లోని ఈఎంఈ (సైన్యపు ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీర్ల విభాగం) కేంద్రంలో శిక్షణ పొందిన మెకానిక్‌ను తెచ్చి గేటు దగ్గర కుర్చీ వేస్తే నష్టపోయేది మీ పరిశ్రమే. డిశ్చార్జి బుక్‌లో అతడి ట్రేడ్ ఏమిటో, ఏయే కోర్సులు చేశాడో రాసి ఉంటుంది. ఇంటర్వ్యూకు ముందు అది చదవండి.

2022లో మొదలైన అగ్నిపథ్ పథకం వల్ల ఇంకా చిన్నవారు వస్తారు. నాలుగేళ్ళ తరువాత నాలుగో వంతు మందిని మాత్రమే సైన్యంలో కొనసాగిస్తారు; తక్కినవారు దాదాపు 11.71 లక్షల రూపాయల 'సేవానిధి' అనే ఏకమొత్తంతో, పింఛను లేకుండా, ఇరవయ్యవ పడిలో ఇంటికి వస్తారు. మొదటి జట్టు నాలుగేళ్ళ గడువు 2026 చివరితో ముగుస్తుంది. పింఛను ఉన్న పాత సైనికులతో జీతం మాట్లాడేటప్పుడు కూడా 'మీకెలాగూ పింఛను వస్తుంది కదా' అని తగ్గించకండి. మరి ఒక జాగ్రత్త: సైనికుడినంటూ గుర్తింపు కార్డు ఫొటో పంపి, వాహనం అమ్ముతామనో అద్దెకు దిగుతామనో అడ్వాన్సులు గుంజే మోసగాళ్ళు ఆన్‌లైన్‌లో ఎక్కువయ్యారు, ఉద్యోగానికి వచ్చినవారి కాగితాలు అసలువి చూడందే నమ్మవద్దు. ఆ తనిఖీకి నిజమైన సైనికుడు ఎవరూ నొచ్చుకోరు. ఖాళీల వివరాలు, జీతం, కావలసిన ట్రేడ్ రాసి మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి పంపండి. ఉద్యోగం కోసం పేరు నమోదు చేసుకున్నవారి జాబితా వారి దగ్గర ఉంటుంది.